చదవడం ఎక్కడ ఆగింది?

(గ్రేటర్ నోయిడాలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారక ఉపన్యాసం)



దుర్గాబాయమ్మ గారి పేరు మీద ఉపన్యాసం అనగానే రాజ్యాంగ సభ గుర్తొస్తుంది, ప్రణాళికా సంఘం గుర్తొస్తుంది, 1953లో ఆవిడ చేతుల మీదుగా మొదలైన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి గుర్తొస్తుంది. నేను ఆవిడ జీవితంలో ఇంకో కొసను పట్టుకుంటాను. ఇంగ్లీషు మీడియం వద్దని చిన్నప్పుడే బడి మానేసి, హిందీ నేర్చుకుని, తోటి ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల పెట్టిన మనిషి ఆవిడ. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైనప్పుడు, బడి వయసు దాటిపోయిన ఆడవాళ్ళను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం అక్కడ జరిగిన ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఇరవై ఏళ్ళ తర్వాత, 1958లో, అదే ఆలోచన దేశమంతటికీ పథకమైంది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు తక్కువ కాలంలో పాఠాలు పూర్తి చేయించి పరీక్షకు కూర్చోబెట్టే పథకం అది.

అలాంటి తరగతిలో వయసును బట్టి పాఠం మొదలుపెట్టలేం. పాతికేళ్ళావిడకు కూడబలుక్కుని చదవడమే వచ్చి ఉండొచ్చు, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి పురాణం గడగడా చదివేస్తూ ఉండొచ్చు. ఎవరి చదువు ఎక్కడ ఆగిందో ముందు తెలియాలి. ఈ మాటనే పట్టుకుని ఇవాళ మన ఊరి పిల్లల దాకా వస్తాను.

మన ఊరు అన్నాను. ఢిల్లీలో తెలుగు పిల్లలకు బడి కావాలని దుర్గాబాయమ్మ గారు ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టింది 1948లో. అప్పటికి గ్రేటర్ నోయిడా లేదు. ఇక్కడి అథారిటీ 1991లో, గౌతమ బుద్ధ నగర్ జిల్లా 1997లో వచ్చాయి. ఈ ఊరు వేసినవాళ్ళు సెక్టార్లకు ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని పేర్లు పెట్టారు. ఇక్కడ ఒక్కరికీ చదవడం రాని లిపి అక్షరాలు ఊరంతా పేర్లై కూర్చున్నాయి! అయినా ఆటో అతను బీటా-2 ఎక్కడో చెప్పేస్తాడు. చదవడం గురించి మాట్లాడటానికి ఇంతకంటే తగిన ఊరు దొరకదు.

ఇక్కడ నాకు మూడు రకాల పిల్లలు కనిపిస్తారు. కాస్నా, సూరజ్‌పూర్, తుగల్‌పూర్ లాంటి పాత ఊళ్ళలో సర్కారు ప్రాథమిక బడికి వెళ్ళే పిల్లలు మొదటివాళ్ళు. ఇంట్లో మాట్లాడేది ఇక్కడి పల్లె హిందీ. బిహార్ నుంచో బుందేల్‌ఖండ్ నుంచో కట్టడం పనికి వచ్చినవాళ్ళ పిల్లలైతే వాళ్ళ మాట ఇంకొకటి. ఆ ఊళ్ళలోనే సందు మలుపులో తక్కువ ఫీజు ఇంగ్లీషు మీడియం బడి ఉంటుంది, అందులోవాళ్ళు రెండో రకం. మూడోవాళ్ళు మన పిల్లలు. పద్దెనిమిదో అంతస్తులో ఉంటారు. అమ్మతో తెలుగు, కింద పార్కులో హిందీ, బడిలో ఇంగ్లీషు. ముగ్గురికీ చదవడం దగ్గర ఏదో ఒక చిక్కుంది. అయితే ముగ్గురిదీ ఒకే చిక్కు కాదు, బడి ఇచ్చే మార్కుల కాగితంలో ఆ తేడా కనబడదు.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని ఒక గుణకారంగా రాశారు. అచ్చులో ఉన్నదాన్ని మాటగా విప్పుకోవడం ఒకటి, ఆ భాష వింటే అర్థం కావడం ఇంకొకటి. ఈ రెండిటినీ గుణిస్తే వచ్చేది చదివి అర్థం చేసుకోవడం. కూడిక అని ఉంటే ఒకటి తక్కువైనా రెండోది ఆదుకునేది. గుణకారంలో అలా కుదరదు, ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. తర్వాత వచ్చినవాళ్ళు ఈ సూత్రానికి చాలా సవరణలు చెప్పారు, చెప్పాలి కూడా. కానీ తరగతి గదిలోకి పట్టుకెళ్ళడానికి ఇంత చిన్నదీ ఇంత పనికొచ్చేదీ నాకు మరొకటి కనబడలేదు.

సర్కారు బడిలో మూడో తరగతి పిల్లకు హిందీ కథ చెబితే నవ్వాల్సిన చోట నవ్వుతుంది. అదే కథ పుస్తకంలో పెడితే అక్షరం దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లీషు మీడియం సందు బడి పిల్లవాడు పాఠం గడగడా అప్పజెప్పినట్టు చదువుతాడు. ఏం చదివావురా అంటే మొహం చూస్తాడు. మన పిల్లలు ఇంగ్లీషులో రెండూ చేస్తారు, తెలుగులో మాత్రం ఆ సర్కారు బడి పిల్ల పక్కనే కూర్చుంటారు. అమ్మమ్మ ఫోన్లో చెప్పే కబుర్లన్నీ తెలుస్తాయి, ఆవిడ పంపిన శుభలేఖ చదవలేరు. మొదటి పిల్లకు అక్షరాలు కావాలి. రెండోవాడికి అక్షరాల మీద ఇంకో గంట పెడితే ఆ గంట దండగ, అతనికి కావలసింది ఇంగ్లీషు మాట, సంభాషణ, కథ వినడం. పరీక్ష మాత్రం ఇద్దరికీ పదికి మూడే వేసి ఊరుకుంటుంది.

ఇంతకీ అక్షరాలు నేర్చుకోవడం ఎంత పని? మనకు వచ్చేసింది కాబట్టి ఆ శ్రమ మరిచిపోయాం. ఇంగ్లీషు పిల్లకు ఇరవై ఆరు అక్షరాలు, తర్వాత జీవితాంతం స్పెల్లింగుల గోల. తెలుగు పిల్లకు స్పెల్లింగు గోల తక్కువ, అక్షరాల పని ఎక్కువ. ముప్పై ఆరు హల్లులకు పన్నెండు గుణింతాలు వేసుకున్నా నాలుగు వందల ముప్పై పైచిలుకు రూపాలు. ఆపైన ఒత్తులు. కింద ఉన్న ఒత్తును తర్వాత పలకాలి, దాని గుడి మాత్రం పైన ఉన్న హల్లు నెత్తి మీద ఉంటుంది. పక్కపక్కన పెడితే ప-వ, ఘ-ఝ, మ-య పెద్దవాళ్ళకే కళ్ళజోడు అడుగుతాయి. హిందీ నేర్చుకునే పిల్లకు ఇంకో తిరకాసు, అక్కడ హ్రస్వ ఇకారం గుర్తు హల్లుకు ముందు రాసి తర్వాత పలుకుతారు. మన పక్క భాష కన్నడం మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. ఇంగ్లీషు పిల్లలు ఒకటి రెండేళ్ళలో ముగించే అక్షరాల పని మన లిపుల్లో మూడు నాలుగు తరగతుల దాకా సాగుతుందని అందులో తేలింది. కన్నడ లిపి, తెలుగు లిపి అక్కాచెల్లెళ్ళు కాబట్టి ఇది మనకూ వర్తిస్తుందనే నా నమ్మకం. ఒకటో తరగతి చివరకే అచ్చులూ హల్లులూ అన్నీ వచ్చేయాలి అనే తొందర ఇంగ్లీషు బడి పంచాంగం నుంచి తెచ్చుకున్నది.

ఇప్పుడు కొలతల సంగతి.

మన దేశంలో పిల్లల చదవడాన్ని ఊరూరా తిరిగి కొలిచే పని 2005లో 'అసర్' పేరుతో మొదలైంది. 1995లో ముంబయిలో పుట్టిన 'ప్రథమ్' సంస్థ దీన్ని చేపట్టింది. ఆ సాధనం ఎంత చిన్నదో చూడని వాళ్ళకు చెబుతాను. ఒక్క కాగితం. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని తేలిక మాటలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ. వాలంటీరు బడికి వెళ్ళడు, ఇంటికి వెళతాడు. బడిలో పేరున్నా లేకున్నా, ఆ రోజు బడికి వెళ్ళినా వెళ్ళకున్నా, ఇంట్లో ఉన్న 5 నుంచి 16 ఏళ్ళ పిల్లలందరినీ కూర్చోబెడతాడు. మొదట నాలుగు వాక్యాలు ఇస్తాడు. సాఫీగా చదివితే కథ ఇస్తాడు. తడబడితే మాటలకు దిగుతాడు, ఐదింటిలో నాలుగు రావాలి. అవీ రాకపోతే అక్షరాలు. చివరకు ఆ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఒక గీత గీస్తాడు. మార్కులు లేవు, ర్యాంకు లేదు. పిల్లవాడి ఎదురుగా కూర్చుని, వాడి నోరు కదలడం చూస్తూ, తొందర పెట్టకుండా వినడమే ఆ పరీక్ష. మొదటిసారి చూసినప్పుడు ఇదీ ఒక పరీక్షేనా అనిపిస్తుంది. రాత పరీక్ష ఈ పని చేయలేదు, ఎందుకంటే చదవలేని పిల్లకు రాత పరీక్షలో ప్రశ్నే చదవడం రాదు!

ఆ గీతలన్నీ కలిపితే వచ్చిన అంకెలు మనకు సుఖం ఇవ్వవు. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు 2018లో దేశం మొత్తం మీద పల్లెల్లో 27.3 శాతం. కరోనాకు బడులు మూసి తెరిచాక, 2022లో 20.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అదే కాలంలో 22.6 నుంచి 10.3కు, తెలంగాణలో 18.1 నుంచి 5.2కు పడిపోయింది. ఉత్తరప్రదేశ్‌లో సర్కారు బడుల వరకు చూస్తే 2018లో 12.3, 2022లో 16.4, 2024లో 27.9. యూపీ అంటే వెనకబడ్డ రాష్ట్రమని చప్పరించడం మన తెలుగువాళ్ళకు అలవాటు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ అంకెలు కూడా పట్టుకెళ్ళండి.

అలాగని మన పిల్లలు వాళ్ళకంటే అన్ని రెట్లు వెనకబడ్డారని నేను అనను. రెండు భాషల మధ్య ఈ పోలిక తూచినట్టుగా రాదు. ఎందుకు రాదో కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు కొత్తగా వచ్చిన కొలతలో ఈ చిక్కు ఇంకా పెద్దదైంది.

2021 జూలై 5న కేంద్ర ప్రభుత్వం 'నిపుణ్ భారత్' మొదలుపెట్టింది. 2026-27 కల్లా ప్రతి పిల్లా మూడో తరగతి చివరకు అర్థమయ్యేలా చదవాలన్నది దాని లక్ష్యం. మంచి లక్ష్యం. దాన్ని వెంటనే అంకెలోకి మార్చారు. రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతిలో కనీసం 60. ఇక్కడ ఆగి ఒక వాక్యం చూడండి. ఇక్కడి పిల్లవాడు వాళ్ళమ్మతో 'నానా కే ఘర్ జానే కా మన్ హై మా' అంటాడు, ఎనిమిది మాటలు. అదే మన పిల్లవాడు 'తాతగారింటికెళ్ళాలనుందమ్మా' అంటాడు. గీత తెగకుండా ఒకటే మాట! వాచకంలో విడగొట్టి 'తాతగారింటికి వెళ్ళాలని ఉందమ్మా' అని వేస్తారనుకోండి, అప్పుడూ మూడే. అది చదవడానికి మన పిల్ల పట్టే ఊపిరి, దాటే గుణింతాలు, ఒత్తులు ఎనిమిది మాటల పిల్లకంటే తక్కువేం కాదు. గడియారం పెట్టుకుని మాటలు లెక్కపెట్టేవాడికి మాత్రం ఒకరు ఎనిమిది అడుగులు వేసినట్టు, ఒకరు మూడే వేసినట్టు ఉంటుంది.

ఈ సంగతి పైవాళ్ళకు తెలియక కాదు. 2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లలు సుమారు 86 వేల మందిని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, 20 భాషల్లో అధ్యయనం చేసింది. నిమిషానికి ఎన్ని మాటలైతే అర్థం చేసుకుంటూ చదివినట్టో అన్న గీతను ఏ భాషకా భాషకే విడిగా గీసింది. సరైన పద్ధతి అదే. కానీ అధ్యయనం పుస్తకంలో ఉంటుంది, 60 అనే అంకె గోడ మీద ఉంటుంది. గోడ మీది అంకెకే మాస్టారు జవాబు చెప్పుకోవాలి.

వేగం కొలవడం తప్పా అంటే, తప్పు కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్ల వాక్యం చివరకు వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. కొంత వేగం లేకపోతే అర్థం నిలవదు. అయితే ఆ 'కొంత' దాటాక వేగం పెరిగినకొద్దీ అర్థం పెరగదు. మన ఇళ్ళలో సహస్రనామాలు ఎంత వేగంగా చదువుతారో గుర్తు తెచ్చుకోండి. అపచారం అనుకోకండి, నేనూ ఆ బాపతే.

వేగం పరీక్ష ఇలా ఉంటే అర్థం పరీక్ష ఇంకోలా ఉంది. ఒక గద్యభాగం, కింద ప్రశ్నలు. దీన్ని పిల్లలు ఎలా దాటుతారో ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? గద్యం చదవరు. ముందు ప్రశ్న చదువుతారు. ప్రశ్నలో ఉన్న పెద్ద మాటను గద్యంలో వెతుకుతారు. దొరికిన వాక్యాన్ని ఎత్తి జవాబులో పెడతారు. ఈ పద్ధతిని ట్యూషన్లలో నేర్పుతారు కూడా. దీనికి అర్థంతో పనే లేదని చూపించడానికి నేనొక వాక్యం కల్పించాను. 'చిటంకి నిన్న పొల్లరలో గిజ్జింది.' ఇప్పుడు చెప్పండి, చిటంకి ఎక్కడ గిజ్జింది? పొల్లరలో. ఎప్పుడు గిజ్జింది? నిన్న. నిన్న పొల్లరలో గిజ్జింది ఏది? చిటంకి. సభలో అందరికీ మూడుకు మూడు మార్కులు వచ్చాయి. చిటంకి అంటే ఏమిటో నాకే తెలియదు.

ఇప్పుడు నాలుగో ప్రశ్న వేస్తాను. చిటంకి ఎందుకు గిజ్జి ఉంటుంది? సభ మౌనం. ఈ నాలుగో ప్రశ్నే చదవడాన్ని పరీక్షిస్తుంది. చెప్పనిదాన్ని చెప్పినదాని నుంచి ఊహించడం, రెండు వాక్యాల మధ్య ఖాళీని తనకు తెలిసిన లోకంతో పూడ్చుకోవడం అందులో ఉన్నాయి. దిద్దడం కష్టం కాబట్టి అలాంటి ప్రశ్న చాలాచోట్ల ఉండదు, ఉన్నా ఒకటే.

తెలిసిన లోకం అన్నాను. దీని మీద 1988లో అమెరికాలో రెచ్ట్, లెస్లీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఉంది. ఒక బేస్‌బాల్ ఆట వర్ణన ఇచ్చి హైస్కూలు ఈడుకు కాస్త ముందరి పిల్లల చేత చదివించారు. చదవడంలో మొద్దులని ముద్రపడి, ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో దిట్టలై ఆట తెలియని పిల్లలకంటే బాగా అర్థం చేసుకున్నారు. మన జిల్లాకు తెచ్చుకుందాం. దన్‌కౌర్ వైపు పల్లెలో పిల్లవాడికి బర్రె ఈనడం తెలుసు, భూమి పోతే వచ్చే నష్టపరిహారం మీద ఇంట్లో జరిగిన తగవులు తెలుసు. సముద్రం ఒడ్డున సెలవుల గురించి గద్యం ఇచ్చి వాడికి చదవడం రాదని రాస్తాం. అదే బర్రె గద్యం ఇస్తే మన పద్దెనిమిదో అంతస్తు పిల్లవాడి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. 2009 విడత అంతర్జాతీయ 'పీసా' పరీక్షలో తమిళనాడు, హిమాచల్ పిల్లలు అట్టడుగున నిలిచినప్పుడు, ప్రశ్నలు మన పిల్లల లోకానివి కావని ఢిల్లీలో గట్టిగా అన్నారు. అందులో కొంత నిజం ఉంది, కొంత సాకు ఉంది. అదే అభ్యంతరం సందు బడి పిల్లవాడి తరఫున అడగడానికి ఎవరూ లేరు.

కొలవడం సరిగ్గా జరిగితే చాలా? ఇక్కడ యూపీ, ఆంధ్రా రెండూ కలిసి ఒక పాఠం చెబుతాయి. ఇంతదాకా మీతో వచ్చిన నా వాదానికి ఇది అడ్డం పడే పాఠం. అయినా చెప్పాలి.

ఇదే రాష్ట్రంలో తూర్పున జౌన్‌పూర్ జిల్లా ఉంది. 2005-06లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ప్రథమ్‌కు చెందిన రుక్మిణీ బెనర్జీ, మరికొందరు అక్కడి పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఊళ్ళలో సభ పెట్టి బడి గురించి, గ్రామ విద్యా కమిటీ గురించి చెప్పారు. ఇంకొన్ని ఊళ్ళలో ఊరివాళ్ళకే ఆ చదివించే కాగితం ఇచ్చి, మీ పిల్లలను మీరే పరీక్షించుకోండి అన్నారు. చాలామంది తల్లిదండ్రులకు అప్పటిదాకా తమ పిల్లలకు ఎంత వచ్చో సరిగ్గా తెలియదు. తెలిశాక కదిలారా అంటే, కదలలేదు. పిల్లల చదువు ఇసుమంత కూడా మారలేదు. మూడో రకం ఊళ్ళలో, పరీక్షించడంతో ఆపకుండా, ఊరి యువకులకు చదవడం ఎలా నేర్పాలో చూపించి సాయంత్రం శిబిరాలు పెట్టించారు. శిబిరాలకు వచ్చింది కొద్దిమందే. వచ్చినవాళ్ళు మాత్రం చదవడం నేర్చుకున్నారు.

ఆంధ్రప్రదేశ్ సంగతి ఇంకా చురుక్కుమంటుంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2010లో అచ్చువేసిన అధ్యయనం అది. పల్లె ప్రాథమిక బడుల్లో పిల్లలను పరీక్షించి, ఎవరికి ఏది రాదో వివరంగా నివేదిక రాసి టీచర్లకు ఇచ్చారు. ఎలా వాడుకోవాలో కూడా చెప్పారు. తరగతిని చూడటానికి వెళ్ళినప్పుడు ఆ టీచర్లు ఎక్కువ కష్టపడుతూ కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే నివేదిక అందిన బడుల పిల్లలకూ అందని బడుల పిల్లలకూ తేడా లేదు. జ్వరం ఎంతో చూసి చీటీ రాసిచ్చినంత మాత్రాన జ్వరం దిగదు కదా.

మరి ఏది పనిచేసింది? 2013-14లో ఇదే ఉత్తరప్రదేశ్‌లో ప్రథమ్ పెట్టిన శిబిరాలు. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలను, తరగతి పక్కన పెట్టి, ఆ ఒక్క కాగితం మీద ఏ మెట్టు మీద ఉన్నారో దాన్ని బట్టి గుంపులు చేశారు. అక్షరాల దగ్గర ఉన్న ఐదో తరగతి పిల్లవాడు అక్షరాల గుంపులోనే కూర్చున్నాడు. పది రోజులు, ఇరవై రోజుల విడతలుగా, రోజులో కొంతసేపు చదవడమే పని. ఫలితం పెద్దది, పరిశోధకులే ఆశ్చర్యపోయేంత. పరీక్ష చేసిన మనిషే మర్నాడు పాఠం చెప్పడం, పరీక్షలో తేలింది మర్నాటి కూర్చోబెట్టే వరసను మార్చడం ఇందులో ఉన్న రహస్యం. నివేదిక పైకి వెళ్ళి అంకెగా తిరిగి రావడానికి ఇక్కడ సమయమే లేదు. ఆంధ్రా నివేదికల్లో లోపించింది సమాచారం కాదు, ఆ వరస మారడం.

ఇవాళ మన జిల్లాలోనూ పరీక్షలు జరుగుతున్నాయి. టీచరు కావడానికి శిక్షణ పొందుతున్న యువతీ యువకులు ఫోన్లో యాప్ తెరిచి, పిల్లల చేత చదివించి, బడి 'నిపుణ్' అయిందో లేదో నమోదు చేస్తారు. జిల్లా శిక్షణ సంస్థ దన్‌కౌర్‌లోనే ఉంది. పిల్ల ఎదురుగా కూర్చుని వినే పరీక్ష కాబట్టి, పాత వార్షిక పరీక్షకంటే ఇది చాలా మెరుగు. నా భయం ఒకటే. బడికి బోర్డు తగిలించడం కోసం చేసే పరీక్షలో, ముందు రోజు అదే పేరా పదిసార్లు చదివించాలన్న కోరిక మాస్టారికి పుట్టకపోతే ఆయన మనిషే కాదు. అది ఆయన తప్పు కూడా కాదు. పిల్ల ఎక్కడ ఆగిందో తెలుసుకునే పరీక్షను, మాస్టారు పాసయ్యాడో లేదో తేల్చే పరీక్షతో కలిపి కుట్టేస్తే మొదటిది చచ్చిపోతుంది. రెండూ అవసరమే, రెండు వేరే రోజుల్లో, వేరే మనుషులు చేయాలి.

ఒక వర్గం పిల్లలను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొందరికి ఎంత చెప్పినా అక్షరం నిలవదు. తెలివి తక్కువ కాదు, వినికిడి లోపం కాదు. డిస్లెక్సియా అంటాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. మనకు దగ్గరలోనే, మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 'డాలీ' అనే పరీక్షను మొదట హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషుల్లో తయారుచేసి 2015లో బయటకు తెచ్చింది. విదేశీ పరీక్ష ఒక్కటే గతి అనే రోజులు పోయాయి. రెండు మూడు భాషల మధ్య పెరిగే పిల్లను ఒక్క ఇంగ్లీషులోనే పరీక్షించి చీటీ అంటించడం అన్యాయం. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన ఏడేళ్ళ పిల్ల దేవనాగరిలో తడబడుతోంది అంటే, అది లోపమా, వచ్చి ఆరు నెలలే కావడమా? తెలుగులో చదివించి చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడి బడుల్లో అలా చూసే మనిషి లేరు. ఆ మనిషి ఇంట్లో ఉన్నారు.

అందుకే తల్లిదండ్రులకు, అంతకంటే ఎక్కువగా ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఆరునెలలు ఉండే తాతలకూ అమ్మమ్మలకూ నానమ్మలకూ ఒక పని చెబుతాను. పిల్లకు రాని కొత్త కథ ఒకటి తీసుకోండి, అరపేజీ చాలు. మొదటి సగం మీరు చదివి వినిపించండి. ఏమైంది, ఎందుకైంది, తర్వాత ఏమవుతుందనుకుంటున్నావు అని అడగండి. రెండో సగం పిల్ల చేత చదివించండి, అవే ప్రశ్నలు అడగండి. విన్నప్పుడు చెప్పి, చదివినప్పుడు చెప్పలేకపోతే చిక్కు అక్షరాల దగ్గర ఉంది. రెండిటిలోనూ చెప్పలేకపోతే భాష దగ్గర ఉంది, ఆ భాషలో మాట్లాడాలి, కథలు చెప్పాలి, అక్షరాల పుస్తకం మూసేయాలి. చదువుతున్నప్పుడు సరిదిద్దకండి. ఎక్కడ ఆగిందో పెన్సిలుతో చుక్క పెట్టుకోండి. నాలుగు చుక్కలూ ఒత్తుల మీదే పడ్డాయనుకోండి, రేపటి పాఠం ఏమిటో మీకు తెలిసిపోయింది. ఇదే పని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చేస్తే, ఏ రిపోర్టు కార్డూ చెప్పనిది చేతికొస్తుంది. బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు మార్కుల గురించి కాకుండా, మా అమ్మాయి చదువుతుంటే మీరు ఎప్పుడైనా పక్కన కూర్చుని విన్నారా అండీ అని అడగండి. టీచరుగారికి ముప్పై ఐదు మంది ఉంటారు, వినలేదనే అంటారు. కోపం తెచ్చుకోవద్దు. మీ పెన్సిలు చుక్కల కాగితం ఆవిడ చేతిలో పెట్టండి.

ఆదివారం తెలుగు తరగతులు నడుపుతున్న మిత్రులు ఈ సభలో ఉన్నారు. వారికి నా మనవి ఇది. వయసును బట్టి గుంపులు చేయడం మానండి. పన్నెండేళ్ళవాడు గుణింతం దగ్గర ఉంటే ఆరేళ్ళ పిల్ల పక్కన కూర్చోవాలి. వాడి నాన్న వచ్చి మా వాడు ఒలింపియాడ్‌లో ర్యాంకు తెచ్చుకున్నాడు, చిన్నపిల్లల్లో కూర్చోబెడతారా అంటారు. అంటారని తెలుసు, నాతో ఇప్పటికే అన్నారు. మూడు వారాల్లో గుంపు మారుస్తామని చెప్పండి, నిజంగానే మార్చండి. పన్నెండేళ్ళవాడికి తెలుగు మాట ముందే చెవిలో ఉంది, వాడికి కావలసింది లిపి ఒక్కటే, ఆరేళ్ళ పిల్లకంటే త్వరగా పైకి వెళతాడు. ఇంట్లో తెలుగు వినని పిల్లలు కొందరుంటారు. వాళ్ళను లిపి గుంపులో వేయకండి, కథల గుంపులో వేయండి.

తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు', ఆంధ్రప్రదేశ్‌లో 2020లో 'చదవడం మాకిష్టం' మొదలుపెట్టారు. వాటికోసం తయారైన చిన్న కథల పుస్తకాలు, వాచకాలు ఊరెళ్ళినప్పుడు అడిగి తెచ్చుకోండి. పిల్లలను గుంపులు చేయడానికి ఒక్క కాగితం చాలన్నాను కదా, ఆ కాగితం నమూనా తెలుగులో రాసి తెచ్చాను. కథ ఒకటి, నాలుగు వాక్యాలు, కొన్ని మాటలు, కొన్ని అక్షరాలు. కథలో 'ఎందుకు' ప్రశ్నలు రెండు పెట్టాను. బయటికి వెళ్ళేటప్పుడు బల్ల మీద నుంచి తీసుకోండి. తప్పులుంటే చెప్పండి, వచ్చే ఆదివారం లోపు దిద్దుతాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.